తుప్పు పట్టనివ్వని బుచ్చిరెడ్డి సార్

నిన్న మూసారాంబాగ్‌లో ఒక మోటారు విడిభాగాల కొట్టు ముందు ఆగితే నూనె కాగితం వాసన గుప్పుమంది. కొట్టువాడు కొత్త పెట్టె విప్పుతున్నాడు. ఆ వాసనకు ముక్కు మూసుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం మా బుచ్చిరెడ్డి సార్ ఎదురొచ్చినట్టయింది.

ఎల్బీనగర్ దాటాక ఆయనకొక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. సైన్యం లారీలకు గేర్లు చేసేవాళ్లం. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటున్న నాకు అది మొదటి ఉద్యోగం. తయారైన సరుకును పరీక్షించి పంపడం నా పని. బడంగ్‌పేట్‌లో పొలాలమ్మి ఫ్యాక్టరీ పెట్టిన ఆ పెద్దమనిషికి గేరు చేయడం కంటే దాన్ని భద్రంగా దాచడం మీదే మోజు. కడిగి ఆరబెట్టిన ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకుంటే చెమట అంటి తుప్పు పడుతుందని, పురిటిబిడ్డను చూడొచ్చిన చుట్టాల్లా మమ్మల్ని దూరంగా నిలబెట్టేవారు. నూనె పూసి, మైనపు కాగితం చుట్టి, గాలి చొరకుండా సీలు వేసేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు.

ఒక దసరాకు ఆయుధపూజ చేస్తూ, భక్తిలో ఆ జాగ్రత్త మరిచి, అందరం కలిసి ఆరబెట్టిన గేర్లకు తడి పసుపూ కుంకుమా పెట్టాం. సెలవులయ్యాక చూస్తే ప్రతి బొట్టు కిందా తుప్పే. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం నవ్వారు. "పెట్టె మీద బొట్టు పెడితే గూడ అమ్మవారికి అందుతది బిడ్డా," అన్నారు. అప్పటినుంచి పూజ సీలు వేసిన పెట్టెలకే.

ఆ తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. రైళ్లు, లారీలు ఆగాయి. మా మిషన్లూ ఆగాయి. సార్ స్వయంగా పనివాళ్లతో కలిసి చౌరస్తాలో ధర్నాకు కూర్చున్నారు. అప్పుడే సైన్యం నుంచి ఒక మేజర్ ఫోన్ చేశారు. మంచు పడి దారులు మూసుకుపోకముందే కొండల్లోని జవాన్లకు చలికాలపు తిండీ బట్టా చేరాలి. వాటిని మోసే లారీలకు గేర్లు కావాలి. బయటి రాష్ట్రం నుంచి రావలసినవి రైల్లో చిక్కుకుపోయాయి. ఇక మిగిలింది రెండు వానాకాలాల కింద చేసి మా గోదాములో దాచిన సరుకే. అది తుప్పు పట్టి ఉంటే లారీలు కొండ కిందే ఆగిపోతాయి.

సమ్మె మానేసి మిషన్లు తిప్పుతారా అని సార్‌ని భయపడుతూనే అడిగాను. "సమ్మె ఇరగొద్దు, బండ్లు ఆగొద్దు. కొత్తయి చేసుడు లేదు, దాచినయి ఇచ్చుడే," అన్నారు.

మేజర్ గారే బండి వేసుకుని వచ్చారు. అందరి ముందూ పెట్టె మూత లేపి కాగితం కోశారు. లోపల గేరు నిన్న చేసినట్టు తళతళలాడుతోంది. ఆయన ఏరి ఏరి మూలన పడి ఉన్న పెట్టెలు విప్పించారు. ఎక్కడా మరక లేదు. ముచ్చటపడి గేరు మీదికి చెయ్యి చాపబోయారు.

"జర ఆగుండ్రి సార్, గ్లౌజులు తొడుక్కోండ్రి," అన్నారు మా సార్.

మేజర్ గారు చెయ్యి వెనక్కి తీసుకుని గ్లౌజులు తొడుక్కున్నారు. మా వాళ్ల ఈలలు చౌరస్తాదాకా వినిపించే ఉంటాయి.

మంచు పడకముందే లారీలన్నీ పైకెక్కాయని కబురొచ్చిన రోజు, సార్ టీ కొట్టు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లందరినీ ఆపి మరీ చెప్పారు. ఆయన సిగ్గుపడే రకం కాదు, ఆ అవసరమూ లేదు.

ఇప్పుడొక పెద్ద విడిభాగాల గోదాము నా చేతికింద ఉంది. కొత్తది తెప్పిద్దాం మేడం అని అక్కడ పనిచేసే పిల్లలు అడిగితే, ముందు ఉన్నదాన్ని విప్పి చూపించమంటాను. ఇన్నేళ్లలో ఒక్క బండి కూడా నా గోదాము వల్ల దారిలో ఆగలేదు. ఆ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను. దాచడమే కాదు, ఇలా గొంతెత్తి చెప్పుకోవడమూ ఆయన దగ్గర నేర్చుకున్నదే.