ముప్పై ఎనిమిది డిగ్రీల చెరుకురసం

యోబు రాసే పుస్తకంలో ఒక్కొక్క చెరుకురసానికి మూడు అంకెలుండేవి. మొదటిది రసంలోని పంచదార శాతం. ఫ్యాక్టరీకి కావలసినది అదొక్కటే. రెండోది చూసిన వేళ. మూడోది ఆ వేళకు రసం ఎంత వేడిగా ఉందో. ఈ రెండూ అతన్ని ఎవరూ రాయమన్నవి కావు. “రసానికి జాతకం రాస్తన్నావా ఏందయ్యా?” అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. రాయడం మాత్రం మానలేదు.

ఆ అలవాటు నడికుడిలో అబ్బినది. అతని తండ్రి గుంటూరు–మాచర్ల రైలు లైనులో పట్టాలు చూసుకునే కీమాన్. పట్టా చివరకూ మరో పట్టా మొదలుకూ మధ్య వదిలే సందును పొద్దున ఒకసారి, ఎండ నడినెత్తికి వచ్చాక ఒకసారి సన్నని ఇనుప బద్దతో కొలిచేవాడు. పొద్దున దూరిన బద్ద మధ్యాహ్నం దూరేది కాదు. “పట్టా అదే, బద్దా అదే. మారింది ఎండరా. ఏ వేళ కొలిచావో రాయకపోతే నువ్వు కొలవనట్టే,” అనేవాడు.

పదో తరగతి లెక్కల్లో తప్పిన యోబు, 1975లో అచ్చంపేట వైపున్న ఒక పంచదార ఫ్యాక్టరీ లేబరేటరీలో సీసాలు కడిగే పనికి చేరాడు. నాలుగేళ్లకు, రసంలో పంచదార కొలిచే పోలారిమీటర్ బల్ల అతని చేతికి వచ్చింది. రసంలో సీసపు ఉప్పు కలిపి, మడ్డి విరిగాక వడగట్టి, తేటను జానెడు గాజుగొట్టంలో పోయాలి. కంటి ముందు గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనబడుతుంది. ఒకటి మసక, ఒకటి తెలుపు. మర తిప్పుతూ రెండు సగాలనూ ఒకే నీడకు తెచ్చిన చోట అంకె చదవాలి. చదవబోయే రసం సీసాను యోబు తడిపిన గోనెపట్టాలో చుట్టి ఉంచేవాడు. ఒక్కో రసానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టేది. ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో అతని అంకెను రెండోసారి చూడమన్నవారు లేరు.

1987 జనవరిలో హైదరాబాదు పరిశోధనా సంస్థ ఒకటి నుంచి జహంగీర్ అనే ఇంజనీరు ఒక పెట్టెను తెచ్చాడు. బియ్యం డబ్బా అంత ఉంటుంది. రసాన్ని చిన్న గిన్నెలో పోసి లోపలికి తోస్తే, నిమిషంలో పంచదార శాతం చీటీ మీద అచ్చవుతుంది.

“కంటికి కనపడని వెలుగు పంపిస్తది, యోబుగారూ,” అన్నాడు జహంగీర్. “ఎరుపు రంగు దాటినంక ఉండే వెలుగు. పంచదార ఎంత మింగింది, నీళ్లు ఎంత మింగినయ్ అని చూసి లెక్క కడతది. కానీ దానంతట దానికి ఏం తెల్వదు. ముందుగాల తెలిసిన రసాలు చూపించి నేర్పాలె. మీ అంకెలే దానికి పాఠం.”

జనవరిలో అరవై రసాలు చూపించారు. అన్నీ ఉదయం ఎనిమిదికీ పదికీ మధ్య తీసినవే. చివరకు పెట్టెకూ యోబుకూ ఒకటి రెండు పదోవంతుల తేడా కన్న ఎక్కువ మిగలలేదు. పెట్టె కోసం పడమటి కిటికీ కింద నాపరాయి అరుగు వేయించినది కూడా యోబే. “ఎండాకాలం పల్నాట్లో నడుం వాల్చేది దేనిమీద సార్? నాపరాయి మీదనే గదా. సీసాలు దానిమీద పెడితే చల్లగుంటయ్,” అన్నాడు. ఆ మాటను కాదన్నవారు లేరు. ఆ ప్రాంతంలో నాపరాయి చల్లదనాన్ని అనుమానించేవారు ఉండరు.

మార్చి రెండో వారంలో, తోటల నుంచి నమూనా గడలు తెచ్చే బండ్లు మధ్యాహ్నానికి చేరుతుండడంతో, పెట్టె పనీ మధ్యాహ్నానికి మారింది. అక్కడ చిక్కు వచ్చింది. పెట్టె పంచదారను ఎక్కువ చూపసాగింది. పదహారు శాతం దాటితేనే తోటకు నరకడానికి ఆర్డరు ఇస్తారు. ఆదెయ్య అనే రైతు తోటకు పెట్టె పదహారున్నర దాటించింది. యోబు బల్ల మాత్రం పదిహేను పాయింట్ ఎనిమిది దగ్గరే నిలిచింది.

“యోబూ, నీ కన్నుకన్నా ఆ పెట్టెకే ధర్మం ఉందయ్యా,” అన్నాడు ఆదెయ్య. “నా తోట పండిందని అది ఒప్పుకుంటాంది. నీకేంది నొప్పి?”

“తోట పండితే నాకూ సంతోషమే, బాబాయ్. పండకుండా నరికితే నీకే నష్టం.”

చీఫ్ కెమిస్టు బాలకోటయ్య ఇంత తేలికగా తీసుకోలేదు. యోబును గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“నువ్వు ఒక్కో సీసాకు అరగంట చేస్తన్నావు. ఈ ఎండకు రసం పులుస్తది. పులిస్తే పంచదార తగ్గుతది. అందుకే నీ అంకె కిందికి పోతాంది. సోమవారం పెట్టె మీద రిపోర్టు పంపాలి. ఆధారంగా తీసుకున్న నీ అంకెలే నమ్మదగినవి కావని రాయాల్సొస్తే నిన్ను బల్లమీద ఉంచలేను. యార్డులో కాటా దగ్గరికి పంపుతాను.”

“సోమవారం దాకా ఉండండి సార్,” అన్నాడు యోబు.

పుస్తకం తెరిచి, మార్చి నెల నలభై మూడు రసాలనూ వేళల వరుసలో మళ్లీ రాశాడు. పదకొండు గంటలకు తేడా రెండు పదోవంతులు, ఒంటిగంటకు నాలుగు, మూడు గంటలకు ఎనిమిది. మూడో అంకె చూశాడు. అతని రసాలన్నీ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీల వద్దే ఉన్నాయి. గోనెపట్టా తన పని చేసింది. పెట్టె చీటీలు తీశాడు. వాటి మీద పంచదార అంకె ఉంది. వేడి అంకె లేదు.

మర్నాడు మూడింటికి పెట్టె దగ్గరి సీసాలో థర్మామీటరు ముంచాడు. ముప్పై ఎనిమిది. అరచెయ్యి రాయి మీద ఆనించి, వెంటనే తీసేశాడు. ఇంటి లోపలి నాపరాయి చల్లనిదే. పడమటి కిటికీలోంచి మూడు గంటలు ఎండ తాగిన నాపరాయి పెనంతో సమానం.

సోమవారం మధ్యాహ్నం బాలకోటయ్య, జహంగీర్‌ల ముందు యోబు, ఆదెయ్య తోట గడ నుంచి అప్పటికప్పుడు రసం తీశాడు. మూడు సీసాలు నింపాడు. ఒకటి గోనెపట్టాలో, ఒకటి బల్ల మీద, ఒకటి రాయి మీద ఉంచాడు. నలభై నిమిషాలకు పెట్టెలో చూస్తే వరుసగా పదిహేను పాయింట్ తొమ్మిది, పదహారు పాయింట్ రెండు, పదహారు పాయింట్ ఆరు వచ్చాయి. పోలారిమీటర్ మూడింటికీ పదిహేను పాయింట్ ఎనిమిది చెప్పింది.

“గోనెలోది పులిసిందేమో?” అన్నాడు బాలకోటయ్య, పట్టు వదలకుండా.

యోబు రాయి మీది సీసానే తీసి నీళ్లకుండలో దించాడు. థర్మామీటరు ఇరవై ఏడుకు దిగాక, అదే రసాన్ని మళ్లీ పెట్టెలో పెట్టాడు. చీటీ వచ్చింది. పదిహేను పాయింట్ తొమ్మిది.

“పులుపే తేడా అయితే, చల్లబెట్టినంత మాత్రాన అంకె మారదు గదా సార్. రసం అదే. మారింది వేడే.”

జహంగీర్ చీటీని వెలుతురుకు పట్టి చూశాడు. “నీళ్లు వేడెక్కితే ఆ వెలుగును మింగే తీరు మారుతది. పెట్టె దాన్ని పంచదార అనుకుంటున్నది. మనం నేర్పింది చలికాలం పొద్దున రసాలతోనే గదా.” చీటీ దించి నవ్వాడు. “పాఠం సరిగ్గనే ఉంది. పాఠంల ఎండాకాలం లేదు.”

బాలకోటయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “అయితే ఈ బల్ల నీదేనయ్యా,” అని పెన్ను తీసి, రిపోర్టులో ఏమి రాయాలో అడిగాడు.

“ప్రతి చీటీ మీద రసం వేడి రాయాలని రాయండి సార్. రసం ఇరవై ఏడుకు వచ్చినాకనే పెట్టెలో పెట్టాలని రాయండి. రాయి మీద పెట్టించింది యోబు అని కూడా రాయండి.”

“అదెందుకయ్యా?”

“లేకపోతే నా తర్వాత వచ్చినోడు మళ్లీ నాపరాయే వేయిస్తడు. ఇక్కడోడైతే తప్పకుండా వేయిస్తడు.”

సాయంత్రం ఇద్దరు మనుషుల సాయంతో ఆ రాతిని ఊడదీసి, బోరింగు పక్క సీసాలు కడిగే చోట పరిచాడు. కిటికీ కింద చెక్కబల్ల వచ్చింది.

పదకొండో రోజున ఆదెయ్య తోట రసం చల్లబెట్టి చూశారు. పెట్టె పదహారు పాయింట్ అయిదు అంది; యోబు పదహారు పాయింట్ నాలుగు అన్నాడు. నరకడానికి ఆర్డరు వచ్చింది.

“మీ ఇద్దరూ ఒకటయ్యారన్నమాట,” అన్నాడు ఆదెయ్య, చీటీ మడిచి తలపాగాలో దోపుకుంటూ. “ఇంక మాబోటి వాళ్లం ఎవరికి చెప్పుకోవాలయ్యా?”

యోబు పుస్తకంలో పదహారు పాయింట్ నాలుగు రాశాడు. పక్కన మూడూ ఇరవై అని వేళ వేశాడు. దాని పక్కన ఇరవై ఏడు.