పండుగకు ముందే వండిన మామిడికాయ పప్పు

నేను కోయగూడెంలో మామిడికాయలు దొంగిలించి పట్టుబడ్డానని మా ఆయన ప్రతి పెళ్ళి పందిట్లోనూ చెబుతుంటారు. పచ్చి అబద్ధం. దొంగ దాక్కుని తింటాడు. నేను పట్టపగలు కోసి, పప్పు వండి, గూడెంలోని పదిళ్ళకూ పంచిపెట్టాను. దొంగతనమైతే రెండు తిట్లతో పోయేది. ఇది నా మొదటి ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

ఎనభైల్లో మాట. డిగ్రీ కాగానే పినపాక దగ్గర అడవిలోని ఆ గూడెంలో ఆడవాళ్ళకు చదువు చెప్పే పని దొరికింది. ఎనిమిది రోజుల్లో తనిఖీకి ఆఫీసరు వస్తాడు. పదిహేను మంది పలకలతో కనబడకపోతే చదువు కేంద్రం ఎత్తేసి, నన్ను మా సత్తుపల్లి బస్సెక్కిస్తారు. అందుకే పరాయి చోట పాటించాల్సిన మర్యాదలు నోటుబుక్కులో రాసుకుని మరీ వెళ్ళాను. చెప్పులు బయట విడవాలి. పెట్టింది కాదనకూడదు. పెద్దల ముందు గొంతు తగ్గించాలి. మూడోది నావల్ల కాదని అప్పుడే తెలుసు.

చేరిన మర్నాడు చూద్దును కదా, గూడెం చుట్టూ చెట్ల నిండా కాయలు, ఒక్కరూ ముట్టుకోరు. మా సత్తుపల్లిలో కాయ కంటబడితే చెయ్యి దానంతటదే కత్తిపీట వెతుకుతుంది. పాపం, వీళ్ళకు వండుకోవడం తెలియదేమో అనుకున్నాను! చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం తెలివితక్కువతనం ఉండాలి. డజను కాయలు కోసి, కుండెడు పప్పు వండి, ఇల్లిల్లూ తిరిగాను. అందరూ వద్దనకుండా గిన్నెలు పట్టారు. నా మర్యాదకు నేనే మురిసిపోయాను.

మర్నాడు క్లాసుకు ఒక్క మనిషి రాలేదు. ఆ మర్నాడూ అంతే. గూడెం పెద్ద సమ్మయ్య దగ్గరికి దూసుకెళ్ళాను.

"నేనేం చేశానని ఎవరూ రావట్లేదు?"

"ఏం చేసినవా? కాయ తెంపినవ్ గదా పంతులమ్మా. మామిడి పండుగ గాకముందు కొత్త కాయ ముట్టరాదు. ముందు దేవతకు పెట్టాలె."

"మరి గిన్నెలెందుకు పట్టారు?"

"ఇంటికొచ్చిన మనిషిని ఒద్దంటమా? ఎనకకు పోయి పారబోసినం."

"కోసేటప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వడగలే."

"చెట్టుకు బోర్డైనా పెట్టాల్సింది!"

"రాసెటోళ్ళు ఏరి? గది నేర్పనీకే గదా నువ్వొచ్చింది."

కాలేజీలో డిబేట్ కప్పు గెలిచిన నన్ను, ఆ మనిషి నోట్లో బీడీ తియ్యకుండానే ఓడించాడు. తీర్పు కూడా ఆయనదే. తప్పు కింద నేనొక కోడి తేవాలి, ఆదివారం పండుగనాడు గూడెమంతటికీ అదే పప్పు వండాలి.

"అప్పుడైనా క్లాసుకు వస్తారా?"

"పండుగైనంక ఎందుకు రారు?"

పినపాకలో కోడిని కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది, నేను దాన్ని కసురుతూనే ఉన్నాను. కండక్టరు మా ఇద్దరినీ ఒకే చూపు చూశాడు.

ఆదివారం దేవతకు పెట్టాక అందరికీ వడ్డించాను. అందరిలోకీ పెద్దది ముత్తవ్వ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా చప్పరించి, "గీసారి ఉప్పు సరిపోయింది పంతులమ్మా" అంది.

పదిళ్ళవాళ్ళూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. సమ్మయ్యకు దగ్గొచ్చింది.

సోమవారం ఆఫీసరు వచ్చేసరికి పద్దెనిమిది మంది పలకలతో కూర్చున్నారు. నా ఉద్యోగం నిలిచింది. పరాయి ఊళ్ళో ఆకు తుంచాలన్నా అడిగే తుంచుతానని, అప్పటికే కూరైపోయిన కోడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈరోజు వరకూ తప్పలేదు.

కానీ ఎవరైనా నాకు నిజం చెప్పండి. ఆ కుండెడు పప్పులో వాళ్ళు అసలు పారబోసింది ఎంత?