చిన్నాయన రాయించిన రెండు జాబులు

మా చిన్నాయన పోయాడన్న కబురు హిందూపురంలో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. ఊరి నుంచి బస్సులో వచ్చిన తమ్ముడు తరగతి గుమ్మంలో నిలబడి, "అక్కా, చిన్నాయన లేడు" అన్నాడు. తిరుగు బస్సులో పెనుకొండ దాకా కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండలో వేరుశనగ చేలు నీళ్ల మీద ఉన్నట్టు తేలిపోతున్నాయి.

ఆయన మా పల్లె క్రైస్తవవాడలో ఉపదేశి. ఫాదర్ రాని ఆదివారాల్లో ప్రార్థన ఆయనే చెప్పించేవాడు. అయిపోగానే, "ఈ వారం ఎవురింట్లో పొయ్యి మండలేదు?" అని అడిగేవాడు. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే.

ఎనభైల మొదట్లో ఒక కుర్ర ఫాదర్ వచ్చారు. ఊరి భూములన్నీ ఏలే ఆసామి దగ్గర పనిచేసే కూలివాళ్ల మధ్య నేలమీద కూర్చుని, దేవుడు పేదల పక్షాన ఉన్నాడని, కూలి సంఘం కట్టడమూ ప్రార్థనేనని చెప్పేవారు. మేమంతా కలలో ఉన్నట్టు వినేవాళ్లం. చిన్నాయనకు మాత్రం గుబులు.

"ఆసామిని గూడా దేవుడే పుట్టిచ్చినాడు గదా ఫాదర్. ఆయప్పను పగోడనేకి నాకు నోరు రాదు."

"పగ కాదు పెద్దాయనా, న్యాయం."

ఇలాంటి బోధ రోములో పోపుగారికే నచ్చడం లేదని ఎవరో అన్నారు. చిన్నాయన భయపడ్డాడు. గుడిలో రాజకీయం చొరబడుతోందని బిషప్పుగారికి జాబు రాయించాడు. ఆయన చెయ్యి వణుకుతుంది కనుక రాసింది నేనే. కొన్నాళ్లకే ఫాదర్‌ను బదిలీ చేశారు. ధర్మవరంలో రైలెక్కి వెళ్లిపోయారు. నేను చిన్నాయనతో మాట్లాడటం మానేశాను.

ఆ వేసవిలో మా వాడ బావి ఎండిపోయింది. ఆసామి తోటబావిలో నీళ్లున్నాయి, మమ్మల్ని ముట్టనివ్వడు. ఒకరోజు పొద్దున ఆడవాళ్లం బిందెలతో బయల్దేరాం. చూస్తే అందరికంటే ముందు చిన్నాయన.

ఆసామి అడ్డం నిలబడ్డాడు. "ఏమప్పా ఉపదేశీ, నువ్వూ సంఘంలో చేరినావా?"

"లేదు సామీ. ఈళ్లకు దప్పికైతాండాది. కొట్టేదుంటే నన్ను కొట్టండి" అని చేద అందుకున్నాడు.

ఉపదేశి మీద చెయ్యెత్తలేక ఆసామి పక్కకు జరిగాడు.

మర్నాడు నన్ను పిలిచి మళ్లీ జాబు రాయించాడు. "పగ వద్దని ఇప్పుడూ అంటా. ఆ ఫాదర్ మీద చెప్పింది మాత్రం తప్పు. దప్పిక రాజకీయం కాదు. ఆయన్ను మాకియ్యండి."

జవాబు రాలేదు. ఫాదరూ రాలేదు. ఆ రోజు జాబు మడిచాక, మాటలు మానేసిన నేనే అడిగాను, "చిన్నాయనా, అన్నం తిన్యావా?" అని.

బస్సులో నా కళ్లముందు కనిపించింది ఆనాటి తోట గట్టు. నిండు బిందెలతో మేం వరసగా తిరిగొస్తున్నాం. తెల్లటి ఎండలో చివరన ఆయన, తడిసిన చొక్కాతో, మా బిందెల నుంచి ఒలికిన నీళ్లను తొక్కకుండా పక్కపక్కగా అడుగులు వేసుకుంటూ వస్తున్నాడు.