ఎర్రమ్మకు నేనిచ్చిన ఎక్స్‌రే ముక్క

ఈ సంగతి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. బరువు తగ్గలేదు, అలవాటైంది, అంతే. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది సంతబొమ్మాళి. విశాఖపట్నంలో కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అక్కడి ఒక సైన్సు సంఘంలో సభ్యుణ్ణి. గ్రహణమంటే జనానికున్న భయం పోగొట్టడం మా పనుల్లో ఒకటి. కొన్నేళ్ల కిందట సూర్యగ్రహణం వచ్చినప్పుడు, మా ఊరికి దగ్గర్లోని సముద్రపు ఒడ్డు పల్లె భావనపాడు వెళ్దామని నేనే అన్నాను. అక్కడ నాకు బాగా తెలిసిన మనిషి ఎర్రమ్మ. నా చిన్నప్పుడు మా గుమ్మంలోకి చేపల గంప తెచ్చేది. వయసు మీదపడ్డాక ఇంటి దగ్గరే వలలు బాగుచేసేది. ఆమె బయటికొస్తే తక్కినవాళ్లూ వస్తారని నా ఆలోచన.

వచ్చింది. నా మాట మీదే వచ్చింది. ఆమెకు గ్రహణం కళ్లద్దాలు పెట్టి ఫొటో తీయించాను. తర్వాత అవి తీసి వేరేవాళ్లకిచ్చాను. అద్దాలు తక్కువ, జనం ఎక్కువ. ఎర్రమ్మ ఇంకా చూస్తానంది. నా సంచిలో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంది. ఇలాంటివాటితో సూర్యుణ్ణి చూడకండి అని చెప్పడానికే దాన్ని తెచ్చాను. అందులోంచి ఒక ముక్క కత్తిరించి ఆమె చేతిలో పెట్టాను.

“దీన్తో సూత్తే కళ్లకేటీ అవదు గదా, బాబూ?”

“ఏటీ అవదు. సూడు.”

ఎందుకలా అన్నాను? తెలియక కాదు. ఆమె లోపలికి వెళ్తే వెనకున్న ఆడవాళ్లంతా వెళ్లిపోతారని. ఒక్క నిమిషమేగా అనుకున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

రెండ్రోజులకు ఎర్రమ్మ కోడలు ఫోను చేసింది. అత్త దేన్ని సూటిగా చూస్తే అదే కనబడడం లేదట, పక్కలు తెలుస్తున్నాయట, వల ముడి పడడం లేదట. నాకు వెంటనే అర్థమైంది. శుక్లాలేమో, టెక్కలి ఆసుపత్రిలో చూపించండి అన్నాను. శుక్లాలు కావు, లోపలి పొర కాలింది, ఇక చూపు రాదు అన్నారట అక్కడ.

ఆ ఫొటో ఇప్పుడు మా సంఘం నడిపే సైన్సు మ్యూజియంలో ఉంది. భయం వీడిన భావనపాడు అని దాని కింద నేనే రాశాను. బడిపిల్లలు వస్తే నేనే వివరిస్తాను. గొంతు తడబడదు. నిజం ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? సంఘానికి చెడ్డపేరు వస్తుందని, జనం మళ్లీ తలుపులు మూసుకుంటారని, అందుకే నోరు విప్పలేదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఆ ఏడే నన్ను కార్యదర్శిని చేశారు, అది పోతుందన్న భయమే ముందు పుట్టింది, తక్కిన కారణాలన్నీ తర్వాత వెతుక్కున్నవి.

మొన్న వేసవిలో భావనపాడు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఎర్రమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు తడిమి వేరు చేస్తోంది. నా గొంతు పట్టి గుర్తుపట్టింది. కోడలితో టీ పెట్టించింది. కళ్ల సంగతి తనే ఎత్తింది.

“గ్రేనం సూడకూడదని మా యమ్మ సెప్పింది, బాబూ. నానే ఇన్నేదు. దేవుడు లాక్కున్నాడు. ఇప్పుడీ ఈదిలో ఎవుల్నీ సూడనివ్వను.”

నేను తల ఊపాను. అదొక్కటే చేశాను. టీ తాగి బస్సెక్కాను.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని కూడా అనలేను. మీకు మాత్రం రాస్తున్నాను. గ్రహణం ఏమీ చెయ్యలేదు. ఎర్రమ్మ కళ్లు తీసింది నేను.