అమ్మ చెయ్యి పడ్డ చోటల్లా

మొన్న ఎల్బీనగర్‌లో మా ఇంట్లో మెడ పట్టేసిందని మూలుగుతుంటే, మెడిసిన్ చదువుతున్న మనవరాలు నువ్వుల నూనె వేడిచేసి పట్టుకొచ్చింది. ఆ వాసన తగలగానే వద్దు తల్లీ అంటూ దూరం జరిగాను. ఎందుకని పట్టుబడితే మా అక్క సంగతి చెప్పాల్సి వచ్చింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా అల్మాస్‌గూడ అప్పటికింకా జొన్నచేల మధ్య ఊరు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన రోజులవి. అక్కకు పుట్టుకతోనే కాలి బొటనవేళ్లు లోపలికి తిరిగి ఉండేవి, అదృష్టమని ముసలమ్మలు మురిసిపోయేవారు. ఏం అదృష్టమో గాని, ఒకసారి బావి దగ్గర జారిపడ్డది మొదలు వీపు మీద వేడివేడిగా గడ్డ లేచి, తగ్గినట్టే తగ్గి రాయిలా మిగిలిపోయింది. పట్టేసిన ఒంటికి మాలీషే కదా మన ఇళ్లల్లో మందు! అమ్మ రోజూ నూనె కాచి, ప్రాణమంతా వేళ్లలో పెట్టి రుద్దేది. రుద్దిన చోటల్లా మళ్లీ గడ్డ లేచేది.

"అమ్మా, నీ చెయ్యి పడ్డకాడనే గట్టిపడుతున్నదే, జర ఇడిసిపెట్టు," అని అక్క ఏడ్చేది.

"నొప్పికి గట్లంటవు గని, ఊకో బిడ్డా," అని అమ్మ ఇంకా గట్టిగా రుద్దేది.

పోను పోను అక్క చెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోయి, తన తల తాను దువ్వుకోలేకపోయింది. లోపల ఎవరో గోడ కడుతున్నరు తమ్మీ అని ఒకనాడు నాతో నవ్వుతూ అంది, ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ భయమే. చివరికి ఛాతీ కదలక, ఊపిరాడక పోయింది. మూడోనాడు బూడిదలో బొక్కలు ఏరుతుంటే, చెయ్యీ పక్కటెముకలూ కలిసిపోయి ఒక్క పలకలాంటి ఎముక దొరికింది. అది కుండలో పట్టలేదు. విరవడానికి చేతులు రాక బాపు దాన్ని తన కండువాలో చుట్టాడు.

మనవరాలు నూనె గిన్నె పక్కన పెట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. కణం పొర మీద కబురందుకునే ప్రోటీన్ ఒకటుంటుందట, ఎముక కట్టమని కబురొస్తేనే దాన్ని లోపలికి చేరవేయాలట. పుట్టుకలోనే అది చెడితే, కండకు దెబ్బ తగిలినా, గట్టిగా పిసికినా, అక్కడ ఎముక కట్టమని లోపలికి చెప్పేస్తుందట. ఆ వంకర బొటనవేళ్లే దాని గుర్తట.

ఇప్పుడు మా పాత ఇంటి జాగాలో అపార్ట్‌మెంట్ లేచింది, దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగడుగునా స్కానింగ్ సెంటర్లు, చదువుకున్న పిల్ల కూర్చున్నచోటే జబ్బు గుట్టు చెప్పేస్తోంది. సంతోషమే. అమ్మ మాత్రం పోయేదాకా తన అరచేతులు చూసుకుంటూ, ఇంకొన్ని దినాలు రుద్దితే నా బిడ్డ దక్కేదని అంటూనే ఉంది.