మహానదికి దాచిన ఫోటో

మా ఇంట్లోకి కెమెరా రాకపోతే మేం కోణార్కు వెళ్ళేవాళ్ళమే కాదు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పని చేసేవాళ్ళకి పాసులొస్తాయి గానీ, మా తెలుగువాళ్ళ పాసులన్నీ టెక్కలి, పలాస వైపు పెళ్ళిళ్ళకీ కర్మలకీ ఖర్చయిపోతాయి. ఊరికే చూడ్డానికి రైలెక్కడమనేది మా నిమ్‌పురా క్వార్టర్లలో ఎవరూ ఎరగని విలాసం. అరవైల చివర్లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా అమ్మేశాడు. వర్క్‌షాపులో చక్రాల మీద పనిచేసే మా ఆయన సూర్యనారాయణ అక్కడికి కుర్చీ కొందామని వెళ్ళి, నల్లటి డబ్బా కెమెరా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. కుర్చీ ఏదండీ అంటే నిలబడి ఫోటో తీసుకుంటే సరిపోతుందన్నాడు.

మా అత్తగారు అప్పలనరసమ్మ ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"ఇది పోయినోళ్ళని తీస్తాదేటి?"

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆవిడ మనసులో ఉన్నది పెద్దకూతురు సత్తెమ్మ. మా ఆయనకి ఐదేళ్ళప్పుడు, పెళ్ళీడుకొచ్చిన సత్తెమ్మ మశూచితో పోయింది. ఆ పిల్లకి ఒక్క ఫోటో లేదు. అంతకంటే పెద్ద కష్టం మరొకటుంది. అత్తగారికి కూతురి ముఖం గుర్తురావడం మానేసింది. కళ్ళు మూసుకుంటే కనిపించేది జబ్బు ముఖమేనట, పొక్కులతో కళ్ళు పూడుకుపోయిన ముఖం. అంతకుముందున్న పిల్ల ఎక్కడికి పోయిందో ఎంత వెతికినా దొరకదని, ఒకసారి వంకాయలు తరుగుతూ నాతో అంది. మా ఆయనకైతే అక్క చంకనెత్తుకున్న గుర్తు తప్ప ముఖమే తెలీదు.

కెమెరా వచ్చాక మా ఇద్దరికీ కొత్త తగువు మొదలైంది. రీలుకి ఎనిమిది ఫోటోలు. నాకేమో నీళ్ళూ చెట్లూ మబ్బులూ కావాలి. ఎర్రమట్టి, ఇంజన్ల పొగ తప్ప ఏమీ చూడకుండా పెరిగినదాన్ని. ఆయనకి మనుషులు కావాలి. "మనిసి లేకుండా ఫోటో ఏటే? కొండ ఎక్కడికీ ఎల్లిపోదు, ఎప్పుడెల్లినా అక్కడే ఉంటాది" అనేవాడు. రైల్వే బడిలో తెలుగు చెప్పే పంతులమ్మని, నాకూ నోరుంది. చివరికి చెరి సగం అని ఒప్పందానికి వచ్చి, ఆ రీలు కోసమే పూరీ, కోణార్కు ప్రయాణం కట్టాం. నా సగంలో ఆఖరిది మహానదికి దాచుకున్నాను. చిన్నప్పట్నుంచీ కటక్ దగ్గర దాని వంతెన మీద ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, అన్నీ రాత్రి బళ్ళే. నిద్రలో ధనధనమని చప్పుడు వినడమే గానీ ఒక్కసారీ ఆ నదిని చూడలేదు. ఈసారి తిరుగు ప్రయాణానికి పగటి బండి ఎంచుకున్నది అందుకే.

డిసెంబరు చలిలో, రాత్రి భోజనాలయ్యాక పూరీ బండి ఎక్కాం. మా ఊరి ప్లాట్‌ఫారం పొడుగు తెలిసిందే కదా, మన పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే సగం యాత్ర అక్కడే అయిపోతుంది. వితంతువైన తల్లి పేరు కూడా పాసులో రాయించుకోవచ్చు కాబట్టి అత్తగారికి టికెట్టు బెంగ లేదు. బాలేశ్వర్‌లో మట్టి ముంతల్లో టీ తాగాం. పైన పడుకున్న ఒక ఒడియా పెద్దమనిషి కెమెరా చూసి, జగన్నాథుణ్ణి తీయనివ్వరమ్మా అని హెచ్చరించాడు. సముద్రాన్ని తీయనిస్తారు కదా అన్నాను. దానికి కాపలా ఎవరుంటారు అని నవ్వి ముసుగు తన్నాడు. ఆ తర్వాత కునుకు పట్టింది. మహానది మళ్ళీ నిద్రలోనే దాటిపోయింది.

పొద్దున్నే పూరీలో దిగి, ధర్మశాలలో మూటలు పడేసి, ముఖాలైనా కడక్కుండా సముద్రానికి నడిచాం. ఇసుక దిబ్బ ఎక్కేదాకా చప్పుడే. ఎక్కాక ఎదురుగా సముద్రం. ఇంత నీరు ఒక్కచోట ఉంటుందని పుస్తకాల్లో పిల్లలకి చెబుతూనే ఉన్నాను, కానీ చెప్పేటప్పుడు నాకు తెలియదని అక్కడ తెలిసింది. సూర్యుడు నీళ్ళలోంచి తడితడిగా పైకి వచ్చాడు. కెమెరా సంగతి మా ఆయన గుర్తుచేస్తే గానీ గుర్తురాలేదు. చేపల తెప్పలు ఒడ్డుకు లాగుతున్న ముసలాయన ఒకడు మా మాటలు విని ఆగాడు.

"ఎవులమ్మా, మనోళ్ళేనా?" అన్నాడు.

అక్కడి జాలర్లంతా తెలుగువాళ్ళేనని నాకప్పటిదాకా తెలీదు. అత్తగారు ఆయనతో ఊరూ పేరూ కలిపేసుకుని, చుట్టరికం దాకా వెళ్ళింది. మా ఆయన తన వాటాలోంచి అలల్లో చీర తడుపుకుంటున్న తల్లిని తీశాడు. మధ్యాహ్నం గుడి దగ్గర మట్టి కుండల్లో మహాప్రసాదం తిన్నాం. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అడగరక్కడ, ఆకు ముందు అందరూ ఒక్కటే. కమ్మటి పప్పు. వెళ్ళేవాళ్ళు ఆ భోజనం మానకండి.

రెండో రోజు తెల్లవారగానే కోణార్కు బస్సెక్కాం. బస్సు తిన్నగా వెళ్ళదు, పిప్పిలి మీదుగా చుట్టు తిరిగి వెళుతుంది. పిప్పిలిలో రోడ్డుకి రెండువైపులా రంగుగుడ్డల గొడుగులు, పందిళ్ళు వేలాడగట్టి ఉంటాయి, కళ్ళకి పండగ. ఆపైన కొబ్బరి తోపులు, తర్వాత ఇసుక, సరుగుడు చెట్లు. ఆ చెట్ల పైన ఒక నల్లటి కొండ కనిపించింది. ఇక్కడ కొండలున్నాయా అని పక్కనున్న ఆమెని అడిగాను. "కొండ కాదు, గుడి" అంది.

దగ్గరికి వెళ్ళాక నా వాటాలో ఒకటి దానికిచ్చేశాను, కానీ ఆ డబ్బాలో అది పట్టదని తీస్తున్నప్పుడే తెలుసు. మోకాలి ఎత్తు నుంచి మబ్బు దాకా ఎక్కడా చెయ్యంత ఖాళీ లేదు. ఏనుగులు, నాట్యగత్తెలు, వేటగాళ్ళు, జడలు అల్లుకుంటున్న ఆడవాళ్ళు. పైన ఎవరూ చూడలేని మూలల్లో కూడా గోళ్ళు, గాజులు, చీర కుచ్చిళ్ళు వదలకుండా చెక్కారు. ఎవరి కోసం చెక్కారో అనిపించింది. మా ఆయన మాత్రం చక్రాల దగ్గరే ఆగిపోయాడు. రోజూ ఇనుప చక్రాలతో బతికే మనిషి, రాతి చక్రం అంచు మీద అరచెయ్యి వేసి చుట్టూ రాస్తూ పోయాడు. ఆ చక్రం పక్కన నిలబెట్టి ఆయన్ని నేనే తీశాను. ఈసారి మనిషి ఉంటేనే బాగుంటుందనిపించింది.

మధ్యాహ్నానికి ఒక్కటి మిగిలింది. గుడి ముందు ముగ్గురం కలిసి తీయించుకుందామని ఆయన పట్టుబట్టాడు. అది మహానదిదని కెమెరాని సంచిలో పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొండిఘటం అన్నాడు. అన్నం హోటల్లో డాల్మా, అదే కూరగాయలు వేసి వండే వాళ్ళ పప్పు, తింటున్నంతసేపూ సంచి నా ఒళ్ళోనే ఉంది.

గుడి నుంచి ఊడిపడిన శిల్పాలన్నీ దాచిన చిన్న మ్యూజియం ఒకటుంది అక్కడ. బస్సుకి ఇంకా వేళుందని ఎండ తప్పించుకోవడానికి వెళ్ళాం. లోపల చల్లగా, సగం చీకటిగా ఉంది. సింహాలూ దేవుళ్ళూ చూసుకుంటూ నేను ముందుకెళ్ళిపోయాను. తిరిగి చూస్తే అత్తగారు రాలేదు. ఒక మూల, తాళాలు వాయిస్తున్న అమ్మాయి బొమ్మ ముందు నిలబడిపోయింది. ముక్కు కొస విరిగింది, ఒక మోచెయ్యి లేదు. తల ఒక పక్కకి వంచి నవ్వుతోంది.

"ఒరే సూర్యం, ఇటు రా. మీ అక్క" అంది అత్తగారు.

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎవరే అమ్మా అన్నాడు.

"సత్తెమ్మరా. అమ్మవారు పొయ్యకముందు ఇలగే ఉండీది. ఆ నవ్వు సూడు. ఎదటోళ్ళు మాట పూర్తి సెయ్యకముందే నవ్వీసీది."

మా ఆయన టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు. రాతి ముఖాన్ని చూశాడు, తల్లిని చూశాడు, మళ్ళీ రాతి ముఖాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి మొదటిసారి తన అక్కని చూస్తున్నాడు. అత్తగారు నావైపు తిరిగింది. అజమాయిషీ తప్ప అడగడం ఎరగని మనిషి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మీ, ఆ డబ్బాలో ఇంకొకటి ఉందన్నావు కదా. నాకిస్తావేటి?"

నది ఒక్కసారి కళ్ళముందు మెరిసి పోయింది. సంచిలోంచి కెమెరా తీశాను.

అడక్కుండా తీయకూడదని మా ఆయన అక్కడి కాపలా మనిషిని పిలుచుకొచ్చాడు. పెద్దవాడు. ఈ బొమ్మే ఎందుకని అడిగాడు. అత్తగారు వచ్చీరాని ఒడియాలో "మో ఝియ" అంది, నా కూతురని. ఆయన బొమ్మని చూశాడు, ఆవిడ్ని చూశాడు. పిచ్చిదనుకున్నాడో ఏమో తెలీదు. వెళ్ళి పక్క తలుపు గడియ తీసి బార్లా తెరిచాడు. ఎండ లోపలికి వచ్చి ఆ పిల్ల చెంప మీద పడింది.

అంత తక్కువ వెలుతుర్లో చేత్తో పట్టుకుని తీస్తే చెదిరిపోతుంది. కాపలా ఆయన స్టూలు ఇచ్చాడు, దాని మీద తువ్వాలు మడతపెట్టి కెమెరా ఆనించాం. మా ఆయన రెండు చేతులా బిగపట్టాడు. నేను మీట నొక్కి అలాగే పట్టుకుని, లోపల్లోపల అంకెలు లెక్కపెట్టి వదిలాను. అంతసేపూ ముగ్గురం ఊపిరి తీయలేదు. ఆ ఫోటో తర్వాత మా ఊరి గోల్‌బజార్ స్టూడియోలో కడిగిస్తే వచ్చింది. చేతులు మసకగా, ముఖం మాత్రం తేటగా. ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది.

అత్తగారు అక్కడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో తిరుగు బస్సులో నాకు చెప్పింది, ముందు సీట్లో కొడుకు వింటున్నాడని తెలిసే చెప్పింది. మశూచిని మావాళ్ళు జబ్బు అనరు, అమ్మవారు అంటారు. అమ్మవారు పట్టుకెళ్ళిన వాళ్ళ కోసం ఏడవకూడదు. ఏడిస్తే ఇంట్లో మిగిలినవాళ్ళ మీద కోపగిస్తుందని భయం. సత్తెమ్మని తీసుకెళ్ళిన రోజు పక్క మంచం మీద ఐదేళ్ళ కొడుక్కీ ఒళ్ళంతా పోసి ఉంది. ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని, వేపమండతో కొడుక్కి విసురుతూ కూర్చుంది. పిల్లాడు బతికాడు. ఆ తర్వాత ఏడుద్దామన్నా, కళ్ళు మూస్తే అమ్మవారి ముఖమే ఎదురయ్యేది, దాని ముందు ఏడవడానికి ధైర్యం చాలేది కాదట. మా ఆయన పిప్పిలి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. మచ్చలున్న చెంపని కిటికీ చువ్వకి ఆనించి కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పూరీలో పగటి బండి ఎక్కాం. వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. ఖుర్దారోడ్‌లో మాకెదురుగా ఒక బెంగాలీ ఆమె ఎక్కింది, హౌరా దాకానట. కటక్ దాటేసరికి పొద్దు వాలుతోంది. ఇంజను ఒక్క కూత వేసి వంతెన మీదికి ఎక్కింది.

మహానది కనిపించింది. అది నది అని ఎవరైనా చెబితేనే నమ్మాలి, అంత వెడల్పు. బంగారం కరిగించి పోసినట్టు నీళ్ళు, మధ్యలో ఇసుక మేటలు, దూరంగా నీలం కొండలు, ఒకే ఒక పడవ. వంతెన అయిపోతుందేమో అనుకుంటాం, అయిపోదు. చేతిలో కెమెరా లేదు, ఉన్నా ఖాళీ. మొదట ప్రాణం ఉసూరుమంది. కాసేపటికి అది కూడా పోయింది. ఏదీ దాచుకోవాల్సిన పని లేకుండా, కళ్ళు రెండూ పెట్టి చూశాను. నా జీవితంలో అంతగా దేన్నీ చూడలేదు.

అప్పుడే పక్కన అత్తగారు ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా కాదు. నిన్న పోయినవాళ్ళ కోసం ఏడ్చినట్టు, పేరు పెట్టి పిలుస్తూ, గుండెలు బాదుకుంటూ. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. మా ఆయన ఊరుకో అమ్మా అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, తానూ ఏడ్చాడు. ఎదురుగా ఉన్న బెంగాలీ ఆమె కంగారుపడి లేచి వచ్చి, ఎవరు పోయారు దీదీ, ఎప్పుడు పోయారు అని అడిగింది.

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని, తన బెంగాలీలో జవాబు చెప్పింది. కూతురు పోయి శానా ఏళ్ళయింది, ఏడవడానికి ఇయాలే కుదిరింది అని.