మస్తాన్ మామ చుట్టిన మోటారు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే రకం కాదు నేను. ఇంట్లో బల్లి కనబడితే బజారుకు చేరేసరికి అది మొసలి అయి ఉంటుంది. కానీ పన్నెండేళ్ళుగా గుండెల మీద కూర్చున్న ఈ ఒక్క సంగతినీ పెంచనూ లేకపోయాను, దించనూ లేకపోయాను. మీకే చెప్పుకుంటున్నాను.

ప్రొద్దుటూరులో నాది మోటార్ల రిపేరు అంగడి. వైండింగ్ చుట్టేది మస్తాన్ మామ. ఆయన వేళ్ళు తగిలితే రాగి తీగ దానంతటదే చుట్టుకుంటుందని జనం చెప్పుకునేవాళ్ళు. మొదట చెప్పింది నేనే. చుట్టిన మోటారును పరీక్షించేదీ నేనే.

పన్నెండేళ్ళ కిందటి మే నెలలో జమ్మలమడుగు రైతు మోటారొకటి వచ్చింది. ఎగిరే ఓపిక లేక కాకులు రోడ్డు మీద నడిచి పోతున్న ఎండ. మామ చుట్టి ఇచ్చాడు. మీటరు ప్రోబు ముళ్ళు ఒకటి చుట్టిన తీగకు, ఒకటి మోటారు బాడీకి పెట్టి, జారిపోకుండా రెండు లోహపు కొనలనూ వేళ్ళతో నొక్కిపట్టుకున్నాను. తీగకూ బాడీకీ సంబంధం లేదని మీటరు చూపాలి. కరెంటు లీకు ఉందని చూపింది.

మామ కొత్త తీగ అమ్ముకుని, పూత పోయిన పాత తీగ చుట్టాడా? పోయిన వారమే కొత్త సైకిలు కొన్నాడే, ఎలా కొన్నాడు? నన్ను చూసి ఎందుకలా నవ్వుతున్నాడు? మళ్ళీ చూశాను. కోపం పెరిగేకొద్దీ చెమట పెరిగింది, చెమట పెరిగేకొద్దీ లీకు పెరిగింది.

రైతు ముందరే అడిగాను.

"పాత తీగ చుట్టినావా మామా?"

"ఏందప్పా ఆ మాట! నా చేతినే అనుమానిస్తాండావా?"

"నేను కాదు, మీటరు అంటాంది."

"తప్పైంది అప్పా, వదిలెయ్" అని మామ తల దించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రోబులకు క్లిప్పులు తగిలించి, చేతులు వదిలేసి చూశాను. లీకు లేదు. కొనలను వేళ్ళతో పట్టుకున్నాను. వచ్చింది. మీటరు కరెంటు దాటింది మోటారులోంచి కాదు, చెమట పట్టిన నా ఒంట్లోంచి.

అప్పుడే పరుగెత్తి ఉండవచ్చు కదా? రైతు ఎదుట అంత మాట అన్నాక ఏ ముఖంతో వెళ్ళను, అనుకున్నాను. లేక, నేను మీటరు పట్టుకున్న తీరే తప్పని తెలిస్తే అంగడికి ఎవరు వస్తారనా? మామ చుట్టిన ఆ మోటారునే, మళ్ళీ చుట్టించానని చెప్పి రైతుకు ఇచ్చాను. తర్వాత మామను ఏ అంగడీ రానివ్వలేదు. ఇప్పుడు పులివెందుల దగ్గర చీనీ తోటకు కాపలా ఉంటున్నాడట.

చిన్నా చితకా కోతలు మీరే కనిపెట్టి ఉంటారు. నేను నిజంగా కల్పించింది మామ "తప్పైంది" అనడం. ఆయన ఆ మాట అననే లేదు. ఊరందరికీ అలాగే చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పేశాను, నోటికి అలవాటైపోయింది. ఆయన అన్నది ఇది: "చేతులు తీసి చూడప్పా."

నేను తీయలేదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.